ఎందుకు కాలేదో చెప్పే అంకె

(ఉగాది సభలో చదివిన ప్రసంగ పాఠము)



సంఘమువారు ఈ ఏడు మమ్ములను పిలిచి, మన ఇళ్ళ పిల్లలు కంప్యూటర్లలో పనిచేస్తున్నారని అందరికీ తెలుసుననీ, చేసే పని ఏమిటో మాత్రము ఇంట్లో పెద్దలకు తెలియదనీ, ఏదైనా ఒక్క విషయము తీసికొని అందరికీ బోధపడేటట్లు చెప్పవలసినదనీ కోరినారు. 1985లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థ బెంగుళూరులో కార్యాలయము తెరచిన నాటినుండి ఈ నగరములో చిప్పుల పని, వాటిని నడిపించే ప్రోగ్రాముల పని పెరుగుతూ వచ్చినవి. ఆ పనిలో ఉన్న తెలుగువారిలో డ్రైవర్లు వ్రాసేవారము మేము. డ్రైవరు అనగానే కారు నడిపే మనిషి కదా అని పెద్దలు అనుకొంటారు. ముందు ఆ సందేహము తీర్చుకొందాము.

కంప్యూటరులోను, చేతిలోని ఫోనులోను ఉన్న యంత్రభాగాలన్నిటినీ ప్రోగ్రాములకు పంచిపెట్టి, తగవులు తీర్చే పెద్ద ప్రోగ్రామును ఆపరేటింగ్ సిస్టము అంటారు. 1991లో హెల్సింకిలో విద్యార్థిగా ఉన్న లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లైనక్స్ అట్టిది. ఆండ్రాయిడ్ ఫోనులన్నిటిలోను అడుగున ఉన్నది అదే. దాని నడిమి భాగమునకు కెర్నెలు అని పేరు. డిస్కు, కెమెరా, వేడిమి కొలిచే చిప్పు - ఒక్కొక్కటి ఒక్కొక్క రీతిగా మాట్లాడుతుంది. వాటితో వాటి భాషలో మాట్లాడి, ఆ మాటను కెర్నెలుకు తెలిసే భాషలో చెప్పే ప్రోగ్రామే డ్రైవరు. పూర్వము చెన్నపట్నములో దొరలకును వర్తకులకును మధ్య నిలిచిన దుబాసీ వంటిది. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడము, కచేరీలో ఇంగ్లీషు మాట్లాడే మనకు దుబాసీ పని కొత్త కాదు. దుబాసీ మాట తప్పితే ఎవరు నష్టపోతారో కూడ మనకు తెలుసును: దుబాసీ కాదు, ఆ మాటను నమ్మి పని చేసినవాడు.

ఈ దుబాసీ పనిలో ఒక్క చిన్న భాగమే ఈనాటి మా విషయము. చెప్పిన పని కానప్పుడు, ఎందుకు కాలేదో పైవారికి డ్రైవరు ఒక అంకెతో చెప్పవలెను. దానిని ఎర్రరు కోడు అంటారు. ఆ అంకెను సరిగా ఎన్నుకొనుట ఎట్లు అన్నదే ప్రశ్న.

అంకెతో సంగతి చెప్పడము పెద్దలకు తెలియనిది కాదు. పొట్టకూటికి ఊరు విడిచి వచ్చిన మన కుటుంబాలలో స్వగ్రామములోని పెళ్ళికి వెళ్ళలేనివారికి తంతియే దిక్కుగా ఉండేది. శుభాకాంక్షల తంతికి తంతి ఆఫీసులో ఒక పట్టిక ఉండేది. ఒక్కొక్క వాక్యమునకు ఒక్కొక్క అంకె. మనము అంకె చెప్పితే తీగమీద ఆ అంకె పోయేది. అవతలి ఆఫీసువారు పట్టిక చూచి పూర్తి వాక్యము వ్రాసి ఇంటికి పంపేవారు. 2013 జూలైలో మన దేశములో తంతి సేవ ముగిసినది. కాని ఆ పద్ధతి కంప్యూటరు లోపల ఇంకను సాగుతున్నది. డ్రైవరు అంకె పంపుతుంది. అవతల ప్రోగ్రాము పట్టిక చూచి దానిని వాక్యముగా మార్చి మనకు చూపుతుంది. ఇక్కడ అంకె తప్పు వేస్తే తీగ ఆపదు, అవతలి గుమాస్తా ఆపడు. పెళ్ళివారింటికి పరీక్ష పాసైనందుకు అభినందనలు చేరుతవి.

పట్టికలో కొన్ని మెట్టుకు చెప్పుతాము. మనము వాడే సామాన్య యంత్రాలలో 5 అనగా యంత్రముతో ఇచ్చిపుచ్చుకోవడములో ఏదో చెడినదని. దాని పేరు ఈఐఓ. 12 అనగా జ్ఞాపకములో చోటు దొరకలేదని. 16 అనగా ఆ వస్తువు ఇంకొకరి చేతిలో ఉన్నదని. 19 అనగా అట్టి పరికరము లేదని. దాని పేరు ఈనోడెవ్. 22 అనగా అడిగినవారు అడిగిన తీరే సరిగా లేదని. దాని పేరు ఈఇన్వాల్. 28 అనగా డిస్కులో చోటు నిండినదని. లైనక్స్ కెర్నెలు లోపల వీటిని మైనస్ గుర్తు పెట్టి పంపుతారు. పని అయితే సున్న గాని, చదివిన బైట్ల లెక్క గాని వస్తుంది. కాకపోతే మైనస్ అంకె వస్తుంది.

ఈ పట్టిక చాలా పాతది. 1969లో అమెరికాలోని బెల్ లేబొరేటరీలలో పుట్టిన యూనిక్స్ నుండి వంశపారంపర్యముగా వచ్చినది. ఆనాడు మనుష్యులు కంప్యూటరుతో మాట్లాడినది టెలిటైపు మిషన్ల మీద. అందుచేత 25వ అంకెకు 'ఇది టైపు మిషను కాదు' అని అర్థము వ్రాసినారు. టైపు మిషన్లు పోయినవి, అంకె నిలిచినది. ఇప్పుడు దానికి 'ఈ పరికరము ఆ ఆజ్ఞను ఎరుగదు' అని అర్థము. కొన్నేళ్ళ క్రిందట వెళ్ళని ఎలక్ట్రానిక్ ఉత్తరము తిరిగి వచ్చినప్పుడు, కారణము 'టైపు మిషను కాదు' అని ఉండేది. ఉత్తరమునకు టైపు మిషనుతో ఏమి పని? అసలు కారణము వేరు. అంతకుముందు మరెక్కడనో పడిన పాత అంకెను ఎవరూ తుడవలేదు. ప్రోగ్రాము దానినే తీసి చదివినది. చదివినవారు నవ్వుకొన్నారు గాని, ఉత్తరము ఎందుకు వెళ్ళలేదో వారికి తెలియలేదు.

ఇక అంకెను ఎన్నుకొనుట ఎట్లో ఒక ఉదాహరణతో చూతాము. యంత్రములోని చిన్న చిప్పులను కలుపుటకు ఫిలిప్స్ కంపెనీవారు 1982లో ఐ టూ సీ అనే పద్ధతి కల్పించినారు. రెండే తీగలు, వాటిమీద ఎన్నో చిప్పులు, ఒక్కొక్కదానికి ఒక చిరునామా. పైనుండి పిలిచినప్పుడు ఆ చిరునామాగల చిప్పు 'ఊ' కొట్టవలెను. ఈ రెండు తీగలమీద పని ఎన్ని రీతుల చెడవచ్చునో చూడండి. పిలిస్తే ఎవ్వరూ పలకలేదు: దానికి 6. ఎవరో పలికినారు గాని మనము వెదకే చిప్పు కాదు: 19. ఇద్దరు ఒకేసారి మాట్లాడబోయినారు, మన వంతు తప్పినది: 11. తీగ ఎంతసేపటికీ ఖాళీ కాలేదు: 16. మొదలైన పని గడువులోపల ముగియలేదు: 110. మాట వచ్చినది గాని, సరిచూచుటకు వెంట పంపిన బైటు కుదరలేదు: 74. లైనక్స్‌తో పాటు వచ్చే పత్రాలలో ఈ పట్టిక వ్రాసి ఉన్నది. 5వ అంకె గురించి అక్కడనే, అది చాలా అస్పష్టమైనదనీ, అంతకంటె నిర్దిష్టమైనది ఉంటే దానినే వాడవలసినదనీ హెచ్చరించినారు.

ఇన్ని అంకెలు ఎందుకయ్యా, కాలేదంటే కాలేదనియే కదా అని మీరు అడుగవచ్చును. అంకె అందుకొన్నవాడు తరువాత చేసే పని ఒక్కొక్కదానికి వేరు. 11 వస్తే వెంటనే మళ్ళీ అడుగవచ్చును. తప్పేమీ లేదు, వంతు తప్పినది, అంతే. 16 వస్తే ఏదో చిప్పు తీగను పట్టుకొని వదలడము లేదని అనుమానించి, గడియారపు తీగమీద తొమ్మిది తట్లు తట్టి వదిలించవలెను. 74 వస్తే వచ్చిన మాటను నమ్మకుండ పారవేసి తిరిగి చదువవలెను. 6 వస్తే కొంత ఆలోచించవలెను. ఏలయనగా వ్రాసినదానిని కరెంటు పోయినా నిలుపుకొనే కొన్ని చిప్పులు, ఒక పుట వ్రాసికొనేటప్పుడు సుమారు 5 మిల్లీసెకన్లపాటు పిలిచినా పలకవు. పూజలో ఉన్నవాడు పలకడు; అంతమాత్రమున ఇంట్లో లేడని కాదు. ఆ చిప్పుల డ్రైవరు కొద్దిసేపు ఆగి మళ్ళీ మళ్ళీ పిలుస్తుంది. ఇన్నిటికీ కలిపి 5 అని ఒక్క మాట చెప్పితే పైవానికి ఏమి చేయవలెనో తోచదు. అన్నిటికీ ఊరకే మళ్ళీ ప్రయత్నిస్తాడు, లేదా అన్నిటికీ చేతులు ఎత్తివేస్తాడు. రెండును తప్పే.

ఇంతకంటె పెద్ద నష్టము యంత్రము మొదలయ్యేటప్పుడు జరుగుతుంది. ఫోను వెలిగించగానే కెర్నెలు ఒక్కొక్క డ్రైవరును పిలిచి, 'నీ పరికరము ఉన్నదా, సిద్ధము చేయి' అంటుంది. కెమెరా సిద్ధము కావలెనంటే దానికి కరెంటు ఇచ్చే చిప్పు ముందు సిద్ధము కావలెను. ఆ చిప్పు డ్రైవరు ఇంకా రాకపోతే? 2012లో లైనక్స్ 3.4లో దీనికని ఒక అంకె చేర్చినారు: 517, ఈప్రోబ్ డిఫర్. 'నాకు కావలసినది ఇంకా రాలేదు, తరువాత నన్ను తిరిగి పిలువు' అని దాని అర్థము. ఇది కెర్నెలు లోపలి మాట. బయటి ప్రోగ్రాములకు చేరరాదు.

ఇప్పుడు ఒక డ్రైవరు తన క్రిందివారిని కరెంటు అడిగినది, 517 వచ్చినది. ఆ డ్రైవరు వ్రాసినవారు, ఏ అంకె వచ్చినా సరే, పైకి 19 అని చెప్పే ఏర్పాటు చేసినారు. 19 అనగా 'ఇక్కడ నా పరికరము లేదు'. కెర్నెలు ఆ మాట నమ్ముతుంది. తిరిగి పిలువదు. పైగా 19 అనునది దోషము కాదు, 'ఇది నాది కాదు' అని మర్యాదగా తప్పుకొనుట కాబట్టి, మామూలు చిట్టాలో ఒక్క పంక్తి అయినను వ్రాయదు. ఆ కెమెరా ఒకనాడు పనిచేస్తుంది, ఒకనాడు చేయదు. కరెంటు చిప్పు ముందు లేచిన నాడు సరి. వెనుక లేచిన నాడు కెమెరా లేదు. చిట్టాలో జాడ లేదు. దీనిని పట్టుకొనుటకు రోజులకు రోజులు వెచ్చించినవారు మాలో ఉన్నారు. దిద్దుబాటు ఒక్క పంక్తి: క్రిందనుండి వచ్చిన అంకెను మార్చకుండ పైకి పంపుట. ఈ బెడద తరచుగా వచ్చుటచేత 2020లో వచ్చిన లైనక్స్ 5.9లో దీనికొక సాధనమును కూడ చేర్చినారు. కారణము 517 అయితే అల్లరి చేయకుండ గుర్తు పెట్టుకొంటుంది, వేరేది అయితే చిట్టాలో గట్టిగా వ్రాస్తుంది.

సోమరితనమున పడే అంకెలు మరి రెండు ఉన్నవి. మొదటిది మైనస్ 1. 'ఏదో కాలేదు' అనే ఉద్దేశముతో చాలామంది మైనస్ 1 అని వ్రాసి ఊరుకొంటారు. కాని పట్టికలో 1కి అర్థమున్నది: 'నీకు ఆ పని చేసే అధికారము లేదు'. తీగ ఊడిన పరికరము 'నీకు అధికారము లేదు' అంటే, వాడుకొనేవాడు తీగను చూడడు. అధికారము కోసము తిరుగుతాడు. బియ్యము లేదని చెప్పవలసిన కోటా దుకాణమువాడు కార్డు చెల్లదని చెప్పినట్లుంటుంది.

రెండవది 22. ఇది అడిగినవారి తప్పును చూపే అంకె. యంత్రము చెడినప్పుడు 22 అంటే, పైన ప్రోగ్రాము వ్రాసినవారు తాము అడిగిన తీరులోనే దోషము వెదకుతూ కూర్చొంటారు. చేయని తప్పును ఒకరిమీద మోపుట ఎక్కడనైనా తప్పే గదా.

గుర్తు మరచిపోవుట కూడ ఉన్నది. 'చదువు' అనే ఆజ్ఞకు జవాబుగా మైనస్ 22 పంపవలసినచోట మైనస్ మరచి 22 అని పంపితే, పైవాడు 22 బైట్లు చదివినట్లు భావిస్తాడు. లేని అక్షరాలను ఉన్నవనుకొని లెక్కలోనికి తీసికొంటాడు. చిన్న అడ్డగీత జారితే వైఫల్యము విజయమై కూర్చొంటుంది.

అయితే తప్పు అంకె కనిపించిన వెంటనే దిద్దివేయవచ్చునా? ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. 2012 డిసెంబరులో లైనక్స్ 3.8 తయారయ్యేటప్పుడు కెమెరా డ్రైవరులో ఒక అంకెను 22 నుండి 2కి మార్చినారు. 2 అనగా 'అట్టి ఫైలు లేదు' అని. ఆ మార్పుతో ధ్వని వినిపించే కొన్ని ప్రోగ్రాములు పనిచేయడము మానివేసినవి. ప్రోగ్రాములదే తప్పన్న మాట వచ్చినప్పుడు లైనస్ టోర్వాల్డ్స్ చాలా పరుషముగా మందలించినాడు. పరికరమునకిచ్చే అట్టి ఆజ్ఞకు 'ఫైలు లేదు' అనే జవాబు ఎన్నటికీ తగదనీ, నడుస్తున్న ప్రోగ్రాములను కెర్నెలు చెడగొట్టరాదనీ అతని వాదము. మార్పును వెనుకకు తీసికొన్నారు. మందలించిన తీరుమీద రెండు అభిప్రాయాలు ఉండవచ్చును. సంగతి మాత్రము సత్యము: ఒకసారి బయటికి పంపిన అంకె ఇచ్చిన మాట వంటిది. దానిని నమ్మి ఎవరెవరో ఏమేమో కట్టుకొని ఉంటారు. తరువాత దిద్దుట కష్టము గనుకనే మొదటనే సరిగా ఎన్నుకొనవలెను.

ఇంకొక సంగతి చెప్పి ముగింపునకు వస్తాము. అంకె సరియైనదే అయినను, దాని అర్థము ఇరుపక్షాలకు ఒకటిగా లేకపోతే ప్రమాదమే. బ్యాంకులు, కచేరీలు లెక్కలు దాచుకొనే ప్రోగ్రాములలో పోస్ట్‌గ్రెస్ అనునది ఒకటి. అది వ్రాసినదానిని కెర్నెలు కొంతసేపు జ్ఞాపకములో ఉంచి, తీరికగా డిస్కుకు ఎక్కిస్తుంది. 'అంతా ఎక్కినదా?' అని పోస్ట్‌గ్రెస్ అడుగుతుంది. డిస్కు వ్రాయలేకపోతే కెర్నెలు 5 అంటుంది. ఆ మాట సరియైనదే. 'సరే, మళ్ళీ ప్రయత్నించు' అని రెండవసారి అడిగితే, కెర్నెలు సున్న అనేది, అనగా అయినదని. ఏలయనగా మొదటి వైఫల్యమును ఒకసారి చెప్పినాము గదా అని కెర్నెలు ఆ కాగితమును ముగిసిన కట్టలో వేసివేసినది. లెక్క డిస్కుకు ఎక్కలేదు. ఎక్కినదని పోస్ట్‌గ్రెస్ నమ్మినది. 2018లో ఈ సంగతి బయటపడి పెద్ద చర్చ నడిచినది. 2019 ఫిబ్రవరిలో పోస్ట్‌గ్రెస్‌వారు తమ పద్ధతి మార్చినారు. అప్పటినుండి అట్టి 5 వస్తే మళ్ళీ అడుగరు. పని అక్కడనే ఆపి, వేరుగా వ్రాసి ఉంచుకొన్న చిట్టానుండి లెక్కను తిరిగి కట్టుకొంటారు. ఒక్క అంకె అర్థములో ఏకీభావము లేక ఎవరో ఒకరి లెక్క గల్లంతయ్యే స్థితి ఎన్నో సంవత్సరాలు ఉండినదన్న మాట.

ఈ పనిలో చేరబోయే మన యువతీయువకులకు కొన్ని మాటలు మనవి చేస్తున్నాము. అంకె వ్రాసే ముందు 'ఇది అందుకొన్నవాడు తరువాత ఏమి చేయవలెను?' అని అడుగుకొనండి. మళ్ళీ అడుగవలెనా, ఆగవలెనా, అడిగిన తీరు మార్చవలెనా, పరికరమును బాగుచేయించవలెనా - ఈ నాలుగింటిలో ఏది అన్నది తేలితే అంకె దాదాపు తేలినట్లే. క్రిందినుండి వచ్చిన అంకెను కారణము లేక మార్చకండి. చూచినవాడు మీకంటె క్రింద ఉన్నాడు. పేరు బాగున్నదని అంకెను ఎన్నుకొనవద్దు. పట్టికలో అర్థము చదవండి. మీ పక్కనున్న పాత డ్రైవర్లు అదే సందర్భములో ఏమి చెప్పుతున్నవో చూడండి. ఒకే ఊరిలో ఒకే మాటకు రెండు అర్థాలు ఉండరాదు. పని చెడే దారులను కూడ పరీక్షించండి. పని అయ్యే దారిని అందరూ పరీక్షిస్తారు. తీగ ఊడదీసి, డిస్కు నింపి, చిప్పుకు కరెంటు ఆపి చూచేవారు తక్కువ.

పెద్దలకు కూడ ఒక విన్నపము. ఫోనులోనో కంప్యూటరులోనో ఏదైనా చెడినప్పుడు తెరమీద ఒక వాక్యమో అంకెయో వస్తుంది. దానిని చెరిపివేసి 'పనిచేయడము లేదు' అని పిల్లలకు చెప్పుతుంటారు. అట్లు కాక, వచ్చినది వచ్చినట్లు కాగితముమీద వ్రాసి ఉంచండి, లేదా ఫొటో తీసి పంపండి. ఎక్కడనో దూరాన కూర్చొన్న ఒకరు, ఎన్నడో ఒకనాడు, మీకు సంగతి తెలియవలెనని ఆ అంకెను ఏరి పెట్టినారు. అది సరియైనదైతే సగము వైద్యము అక్కడనే ఉన్నది.

ఈ ఉదయము మన ఇళ్ళలో పచ్చడి తిన్నప్పుడు వేపపువ్వు చేదును చేదుగానే రుచి చూచినాము గాని, దానికి వేరు పేరు పెట్టలేదు. పని కానప్పుడు కాలేదనీ, ఎందుకు కాలేదో అదే కారణమనీ చెప్పుట కూడ అట్టిదే.